జ్వరం వచ్చినప్పుడు చర్మాన్ని చదవాలి

తమిళనాడులోని ధర్మపురి జిల్లాలో ఈశాన్య రుతుపవనాల వానలు పడ్డాక పెన్నాగరం, పాలక్కోడు, హరూరు దారుల వెంట గడ్డి, పొదలు దట్టంగా లేస్తాయి. ఆవులకు పచ్చగడ్డి కోసే ఆడవాళ్లు, మేకల వెంట గుట్టలెక్కే పిల్లలు, రాగి చేలల్లో దిగే కూలీలు, చింతతోపుల్లో కాయలు ఏరేవాళ్లు రోజూ ఆ పచ్చదనంలోనే తిరుగుతారు. ఈ జిల్లాలోనూ, పక్కనున్న కృష్ణగిరి, హోసూరు ప్రాంతాల్లోనూ తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్ల బతుకు కూడా ఎక్కువగా ఈ పొలాలతో, పశువులతో, గుట్టలతో ముడిపడినదే.

వానలు తగ్గి చలి మొదలయ్యే నాటికి ఆసుపత్రులకు ఒక రకం జ్వరం వస్తుంది. ఒళ్లు కాలిపోతుంది, తల పగిలిపోతున్నట్టు నొప్పి, ఒళ్లునొప్పులు. డెంగీ పరీక్ష చేస్తే లేదంటారు. మలేరియా లేదంటారు. వైడాల్ పరీక్షలో ఏదో కొంత తేలితే టైఫాయిడ్ అని ఇంజెక్షన్లు మొదలుపెడతారు. నాలుగు రోజులు గడిచినా జ్వరం దిగదు. ఆపైన ఆయాసం, మగత, మూత్రం తగ్గడం. అప్పుడు పెద్దాసుపత్రికి పరుగు. ఆ రోగి చంకలోనో, నడుముకు చీర ముడి బిగిసేచోటనో వారం రోజులుగా ఒక చిన్న నల్ల పెచ్చు ఉండి ఉండవచ్చు. నొప్పి లేదు గనక రోగి చెప్పలేదు. బట్ట తొలగించి ఎవరూ చూడలేదు.

ఆ జ్వరం పేరు స్క్రబ్ టైఫస్. తమిళనాట దీన్ని ఉణ్ణి కాయ్చల్ అంటారు. సకాలంలో గుర్తిస్తే చవకైన మాత్రలతో తగ్గిపోతుంది, గుర్తించకపోతే ప్రాణం తీస్తుంది. చిన్న పురుగు కాటుతో మొదలై, చర్మం మీద గుర్తు వదిలి, ఆ గుర్తును మనం గమనించకపోతే లోపలి అవయవాల దాకా పాకే జబ్బులు ప్రపంచంలో మరికొన్ని ఉన్నాయి. వాటిలో బాగా పేరుపడ్డది లైమ్ వ్యాధి. ఆ కథ తెలిస్తే మన జ్వరం సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది.

లైమ్ నేర్పిన పాఠం

అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్ అనే చిన్న ఊరు ఉంది. 1970ల మధ్యలో అక్కడి పిల్లలకు మోకాళ్లు వాచి, నడవలేని పరిస్థితి వచ్చింది. వైద్యులు దాన్ని పిల్లల్లో వచ్చే కీళ్లవాతం అన్నారు. ఒకే వీధిలో, ఒకే ఇంట్లో అంతమందికి కీళ్లవాతం ఎలా వస్తుందని పాలీ మర్రే అనే తల్లి నిలదీసింది. తన ఇంట్లో, ఇరుగుపొరుగున ఎవరికి ఎప్పుడు ఏ లక్షణం వచ్చిందో రాసిపెట్టుకుని ఆరోగ్యశాఖకు చెప్పింది. యేల్ విశ్వవిద్యాలయంలోని అలెన్ స్టీర్ 1975లో పరిశోధన మొదలుపెట్టారు. రోగుల్లో కొందరికి కీళ్లనొప్పులకు కొన్ని వారాల ముందు చర్మం మీద ఎర్రటి వలయం వచ్చి, మెల్లగా పెద్దదై పోయిందని తేలింది. అలాంటి వలయాన్ని స్వీడన్ వైద్యుడు అర్విడ్ అఫ్జీలియస్ 1909లోనే పిడుదు కాటుతో ముడిపెట్టి వర్ణించాడు. అసలు దోషి 1981లో దొరికింది. విల్లీ బర్గ్‌డార్ఫర్ పిడుదుల పేగుల్లో మెలికలు తిరిగిన బాక్టీరియాను చూశాడు. ఆయన పేరు మీదే దాన్ని బొరీలియా బర్గ్‌డార్ఫెరి అన్నారు.

కాటు వేసిన మూడు నుంచి ముప్ఫై రోజుల్లోపు ఆ చోట ఎర్రమచ్చ మొదలై రోజురోజుకూ విస్తరిస్తుంది. సాధారణంగా అయిదు సెంటీమీటర్లు దాటుతుంది. నొప్పి, దురద పెద్దగా ఉండవు. నూటికి డెబ్బై ఎనభై మందిలో ఇది కనబడుతుంది. మచ్చ మాయమైపోతే జబ్బు పోయినట్టు కాదు. కొన్ని వారాలకు ముఖం ఒకవైపు వాలిపోవచ్చు, గుండె లయ తప్పవచ్చు, మెదడు పొరలు వాయవచ్చు. నెలల తర్వాత మోకాలు నీరు పట్టవచ్చు. మచ్చ దశలో గుర్తిస్తే పది రోజుల డాక్సీసైక్లిన్‌తోనో, రెండు వారాల అమాక్సిసిలిన్‌తోనో నయమవుతుంది. నరాలకు, గుండెకు తీవ్రంగా పాకినప్పుడు సెఫ్‌ట్రయాక్సోన్‌ను నరంలోకి ఎక్కించాల్సి వస్తుంది.

ఇక్కడ ఒక విషయం బాగా గుర్తుంచుకోవాలి. మచ్చ ఉన్న తొలి వారాల్లో రక్తపరీక్ష చాలాసార్లు ఏమీ లేదనే చెబుతుంది. ఆ పరీక్ష వెతికేది బాక్టీరియాను కాదు, మన ఒంట్లో దానికి ఎదురుగా తయారయ్యే ప్రతిదేహాలను. అవి తయారు కావడానికి వారాలు పడుతుంది. అందుకే ఆ వలయం స్పష్టంగా ఉంటే పరీక్ష ఫలితం కోసం ఎదురుచూడకుండా మందు మొదలుపెట్టాలన్నది అక్కడి వైద్య నియమం. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, కనెక్టికట్ రాష్ట్రాల్లో స్థిరపడ్డ మన తెలుగువాళ్లకు ఇది నేరుగా పనికొచ్చే విషయం. లైమ్ ఎక్కువగా ఉండే ప్రాంతాలే అవి. అమెరికాలో ఏటా సుమారు 4,76,000 మంది లైమ్‌కు చికిత్స పొందుతున్నారని అక్కడి ప్రభుత్వ అంచనా.

మన అడవుల్లో లైమ్ ఉందా?

లైమ్‌ను మోసే పిడుదులు ఐక్సోడిస్ జాతివి. చల్లగా, తేమగా ఉండే అడవులు వాటికి అనువు. మన దేశంలో లైమ్ కేసులు అరుదుగా, అక్కడొకటి ఇక్కడొకటిగా నమోదయ్యాయి. కర్ణాటకలోని నాగరహొళె, బందీపుర అడవుల్లో ఉండేవారి రక్తం పరీక్షించినప్పుడు కొందరిలో బొరీలియాకు ప్రతిదేహాలు కనిపించాయి. ప్రతిదేహాలు కనబడటం వేరు, జబ్బుపడటం వేరు. అయినా పడమటి కనుమల అడవుల్లో పనిచేసి వచ్చిన మనిషికి విస్తరించే ఎర్ర వలయం వస్తే వైద్యుడికి లైమ్ గుర్తుకు రావాలి.

పిడుదులు మోసే జబ్బులు మన దేశంలో ఇంకా ఉన్నాయి. కుక్కల ఒంటి మీది పిడుదుల ద్వారా వచ్చే టిక్ టైఫస్‌లో జ్వరంతోపాటు ఎర్రటి దద్దు వస్తుంది. అది అరచేతుల్లో, అరికాళ్లలో కూడా కనబడుతుంది. 1957లో కర్ణాటక శివమొగ్గ ప్రాంతంలో బయటపడ్డ క్యాసనూరు అటవీ జ్వరం పిడుదుల ద్వారానే వస్తుంది. అది వైరస్ జబ్బు గనక యాంటీబయాటిక్‌లు దాని మీద పనిచేయవు. అడవిలో కోతులు చచ్చిపడుతుంటే దానికి అది హెచ్చరిక.

ధర్మపురి గడ్డిలో పనిచేసే మనిషికి మాత్రం ఈ కుటుంబం మొత్తంలో ఎక్కువగా ఎదురయ్యే ముప్పు స్క్రబ్ టైఫస్. దీన్ని తెచ్చేది పిడుదు కూడా కాదు, దాని దూరపు చుట్టం ఎర్రమైటు.

కంటికి ఆనని పురుగు

మైటు జీవితంలో నాలుగు దశలున్నాయి. గుడ్డు, లార్వా, నింఫ్, పెద్దపురుగు. వీటిలో మనిషిని కుట్టేది లార్వా ఒక్కటే. దాన్నే చిగ్గర్ అంటారు. నారింజ ఎరుపు రంగులో, మిల్లీమీటరులో అయిదో వంతు ఉంటుంది. మామూలు కంటికి ఆనదు. మన ప్రాంతంలో ముఖ్యమైన జాతి లెప్టోట్రాంబిడియమ్ డెలియెన్స్. గడ్డి మొదళ్లలో, ఆకుల చెత్తలో ఇవి గుంపుగా కాచుకుని ఉంటాయి. ఎలుకో, చుంచెలుకో, మనిషో అటు వస్తే ఎక్కేస్తాయి.

దోమలా చిగ్గర్ రక్తం తాగదు. తన లాలాజలంతో చర్మాన్ని కరిగించి ఆ ద్రవాన్ని పీలుస్తుంది. రెండు మూడు రోజులు అలా తిని రాలిపోతుంది. జీవితంలో ఇలా తినేది ఒక్కసారే. మరి ఒక్కసారే కుట్టే పురుగు ఒకరి జబ్బు ఇంకొకరికి ఎలా మోస్తుంది? దీనికి జవాబు తల్లి మైటులో ఉంది. ఒరియెన్షియా సుత్సుగముషి అనే బాక్టీరియా తల్లి నుంచి గుడ్డుకు, గుడ్డు నుంచి పిల్లకు తరతరాలుగా పాకుతుంది. కుట్టే లార్వా పుట్టుకతోనే దాన్ని మోసుకొస్తుంది. అందుకే ఒకసారి ఈ మైట్లు చేరిన పొదల మట్టిలో జబ్బు ఏళ్ల తరబడి నిలిచిపోతుంది. మనిషి నుంచి మనిషికి మాత్రం ఇది అంటదు. రోగి పక్కన కూర్చున్నా, రోగి తట్టలో తిన్నా భయం లేదు.

రెండో ప్రపంచయుద్ధంలో అస్సాం, బర్మా అడవుల్లో వేలమంది సైనికులు ఈ జ్వరం బారిన పడ్డారు. యుద్ధం ముగిశాక మన దేశంలో దీన్ని దాదాపు మరిచిపోయారు. 2001-02 చలికాలంలో వచ్చిన కేసుల ఆధారంగా వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు దక్షిణాదిన ఈ జ్వరం మళ్లీ కనబడుతోందని ప్రకటించాక దృష్టి ఇటు మళ్లింది. ఆ తర్వాత వెల్లూరు పరిసర జిల్లాల్లో 37 గ్రామాల్లో ముప్ఫై రెండు వేలకు పైగా జనాన్ని రెండేళ్లు గమనించి ఒక పెద్ద అధ్యయనం చేశారు. దాని ఫలితాలు 2025లో వెలువడ్డాయి. జ్వరంతో పరీక్షించినవారిలో 328 మందికి స్క్రబ్ టైఫస్ తేలింది, అయిదుగురు చనిపోయారు. ఏ లక్షణమూ లేకుండా సోకినవారి సంఖ్య అంతకు ఎన్నో రెట్లు. ఆ గ్రామాలు ధర్మపురికి దూరమేమీ కావు. అదే వాన, అదే చలి, అదే గడ్డి. 2025 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లోనూ స్క్రబ్ టైఫస్ కేసులు, మరణాలు పత్రికలకెక్కాయి.

నల్ల పెచ్చు ఎక్కడ వెతకాలి?

చిగ్గర్ కుట్టినచోట మొదట చిన్న పొక్కు లేస్తుంది. అది చితికి, మధ్యలో నల్లగా పక్కు కట్టి, చుట్టూ ఎర్రటి అంచు ఏర్పడుతుంది. చూస్తే సిగరెట్‌తో కాల్చినట్టు ఉంటుంది. దీన్ని వైద్యులు ఎస్కార్ అంటారు. నొప్పి లేదు, దురద లేదు. రోగి దాన్ని పట్టించుకోకపోవడానికి ఇదే కారణం.

చిగ్గర్‌కు మెత్తని, తేమైన, బట్ట ఒరుసుకునే చోట్లు ఇష్టం. మగవాళ్లలో చంకలు, గజ్జలు, మర్మాంగాల దగ్గర ఎక్కువ. ఆడవాళ్లలో రొమ్ముల కింద, పొట్ట మీద, నడుము దగ్గర ఎక్కువ. చెవి వెనక, మెడ మీద, పిరుదుల మధ్య, మోకాలి వెనక కూడా చూడాలి. పిల్లల్లో తలవెంట్రుకల కింద కూడా దాగి ఉండవచ్చు. తడి చోట్లలో పెచ్చు నల్లగా ఎండకపోవచ్చు, పచ్చిపుండులా కనబడవచ్చు. పెచ్చుకు దగ్గర్లో బిళ్ల కట్టి ఉంటే అనుమానం మరింత బలపడుతుంది.

ఇవన్నీ మనం మామూలుగా చూపించని చోట్లు. ఊళ్లో ఉన్న వైద్యుడి దగ్గర పదిమంది ఎదుట చీర సడలించమంటే ఏ ఆడకూతురు ఒప్పుకుంటుంది? అందుకే ఈ వెతుకులాట ఇంట్లోనే మొదలుకావాలి. తల్లి బిడ్డకు, అక్క చెల్లికి, భార్య భర్తకు దీపం వెలుగులో ఒళ్లంతా చూడవచ్చు. ఆసుపత్రిలో నర్సమ్మ తెరచాటున చూడవచ్చు. పరీక్ష కిట్లు లేని మారుమూల ఊళ్లో కూడా ఈ ఒక్క పని చేయవచ్చు. జ్వరంతోపాటు ఆ పెచ్చు కనబడితే స్క్రబ్ టైఫస్ అని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు.

పెచ్చు లేకపోతే జబ్బు లేదనుకోకూడదు. దక్షిణ భారతంలో పెద్దాసుపత్రుల అనుభవంలో సుమారు సగం మందిలోనే అది దొరుకుతుంది. కుట్టిన ఆరు నుంచి ఇరవై ఒక్క రోజుల్లో జ్వరం మొదలవుతుంది. గడ్డిలో పని, ఆగని జ్వరం, తలనొప్పి, ఎర్రబడ్డ కళ్లు, పొడిదగ్గు, వినికిడి మందగించడం కలిసి ఉంటే అనుమానించాలి. రక్తంలో ప్లేట్‌లెట్లు తగ్గుతాయి, కాలేయ ఎంజైములు పెరుగుతాయి. డెంగీలోనూ ఇలాగే ఉంటుంది గనక తికమక పడతాం. డెంగీలో తెల్ల రక్తకణాలు సాధారణంగా తగ్గుతాయి. స్క్రబ్ టైఫస్‌లో అవి మామూలుగానో, ఎక్కువగానో ఉంటాయి. ఇది వైద్యుడికి ఒక ఆనవాలు.

రెండో వారంలోకి వెళ్తే ప్రమాదం. రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మూత్రపిండాలు, కాలేయం, గుండె, మెదడు ఒకదాని వెంట ఒకటి లొంగిపోతాయి. చికిత్స అందనివారిలో నూటికి ఆరుగురు చనిపోతారని ప్రపంచవ్యాప్త అధ్యయనాల సగటు అంచనా. కొన్నిచోట్ల ఇది చాలా ఎక్కువ. సరైన చికిత్స అందితే ఇది నూటికి ఒకరిద్దరికి తగ్గుతుంది.

పరీక్షలు, వాటి పరిమితులు

1916లో వెయిల్, ఫెలిక్స్ కనుగొన్న వెయిల్-ఫెలిక్స్ పరీక్ష చవకైనది, పాతది. చాలా కేసుల్ని అది పట్టుకోలేదు. ఈరోజు ఎక్కువగా నమ్మేది ఐజీఎం ఎలైజా. అది కూడా ప్రతిదేహాల పరీక్షే గనక మొదటి వారంలో తప్పించుకోవచ్చు. పెచ్చును తీసి పీసీఆర్ చేస్తే బాక్టీరియా జన్యుపదార్థమే దొరుకుతుంది. ఆ సౌకర్యం పెద్దాసుపత్రుల్లోనే ఉంటుంది. కాబట్టి లైమ్ విషయంలో అమెరికా వైద్యులు నేర్చుకున్న నియమమే ఇక్కడా వర్తిస్తుంది. రక్తం తీసి పంపాలి, ఫలితం వచ్చేదాకా మందు ఆపకూడదు.

మందు ఉంది, చవకగా ఉంది

1948లో మలయాలోని కౌలాలంపూర్‌లో జోసెఫ్ స్మాడెల్ బృందం క్లోరాంఫెనికాల్‌తో స్క్రబ్ టైఫస్ రోగుల్ని నయం చేసింది. అంతకు ముందు ఈ జ్వరానికి నమ్మదగిన మందే లేదు. ఈరోజు మొదటి మందు డాక్సీసైక్లిన్. పెద్దలకు మామూలు మోతాదు పూటకు వంద మిల్లీగ్రాములు, రోజుకు రెండు పూటలు, సుమారు వారం రోజులు. పిల్లలకు బరువును బట్టి వైద్యుడు లెక్కకడతాడు. డాక్సీసైక్లిన్ పిల్లల పళ్ల రంగు మారుస్తుందన్న భయంతో పూర్వం ఇచ్చేవారు కాదు. కొద్ది రోజుల వాడకానికి ఆ భయం అక్కర్లేదని ఇప్పుడు తేలింది. గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. ఈ రెండూ మన జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నవే.

లైమ్‌కూ దీనికీ ఒక పెద్ద తేడా ఇక్కడే ఉంది. అమాక్సిసిలిన్, సెఫ్‌ట్రయాక్సోన్ లైమ్ మీద పనిచేస్తాయి, స్క్రబ్ టైఫస్ మీద పనిచేయవు. ఒరియెన్షియా మన కణాల లోపల దాక్కుని పెరుగుతుంది. అక్కడికి చేరి దాని మాంసకృత్తుల తయారీని ఆపగలిగినవి డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ వంటి మందులే. టైఫాయిడ్ అనుకుని ఇచ్చే ఇంజెక్షన్లు ఎన్ని వేసినా ఈ జ్వరం దిగకపోవడానికి కారణం అదే. డాక్సీసైక్లిన్ పడితే చాలామందికి రెండు రోజుల్లో జ్వరం తగ్గుతుంది. రెండు రోజులైనా తగ్గకపోతే వేరే జబ్బు వెతకాలి.

జబ్బు ముదిరినవారి సంగతేమిటి? వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన డాక్టర్ జార్జ్ ఎం. వర్గీస్ నాయకత్వంలో ఏడు భారతీయ ఆసుపత్రులు కలిసి 794 మంది తీవ్ర రోగుల మీద పరీక్ష చేశాయి. ఫలితాలు 2023లో వచ్చాయి. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరంలోకి ఇచ్చినవారిలో మరణం, ఉపద్రవాలు, తగ్గని జ్వరం వంటి చెడు ఫలితాలు నూటికి 33 మందిలో కనిపించాయి. డాక్సీసైక్లిన్ ఒక్కటే ఇచ్చినవారిలో ఇది 47, అజిత్రోమైసిన్ ఒక్కటే ఇచ్చినవారిలో 48. దక్షిణాది పల్లె జనాన్ని వేధించే జ్వరానికి సమాధానం మన ఆసుపత్రుల్లోనే, మన రోగుల సహకారంతోనే తేలింది. ఇది గర్వించదగ్గ విజయం.

మాత్ర వేసుకునేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. గ్లాసుడు నీళ్లతో మింగి, అరగంట పాటు పడుకోకూడదు, లేకపోతే అన్నవాహికలో పుండు పడవచ్చు. పాలతో, ఐరన్ మాత్రలతో కలిపి మింగితే మందు సరిగా ఒంటికి పట్టదు. ఎండలో చర్మం త్వరగా కందుతుంది. జ్వరం తగ్గిందని మధ్యలో ఆపకూడదు. మందుల షాపులో అడిగి సొంతంగా వేసుకోకూడదు.

కాటు పడకుండా

దీనికి టీకా లేదు. బాక్టీరియాలో అనేక రకాలున్నందున ఒకసారి వచ్చినవారికి మళ్లీ రావచ్చు. అందుకే కాటు తప్పించుకోవడమే దారి. గడ్డి కోతకు వెళ్లేటప్పుడు చేతులు, కాళ్లు నిండా కప్పే బట్టలు వేసుకోవాలి. పనిమధ్యలో నేల మీద కూర్చోవాలంటే పట్టా పరుచుకోవాలి. చొక్కా, తువ్వాలు పొదల మీద ఆరేయకూడదు. ఇంటికి రాగానే సబ్బుతో ఒళ్లు రుద్దుకుని స్నానం చేసి, ఆ బట్టలు ఉతికాకే మళ్లీ తొడుక్కోవాలి. చిగ్గర్ ఒంటి మీద తిరుగుతూ చోటు వెతుక్కునే కొన్ని గంటల్లోనే స్నానం దాన్ని కడిగేస్తుంది. ఇంటి చుట్టూ పొదలు, ఎలుక బొరియలు లేకుండా చూడాలి. మరుగుదొడ్డి వాడకం ఇక్కడ కూడా ప్రాణరక్షణే. పొదల మాటుకు వెళ్లి కూర్చునే చోట చిగ్గర్లకు చర్మం సులువుగా దొరుకుతుంది.

పిడుదు పట్టుకుని కనబడితే కిరసనాయిలు పోయడం, బీడీతో కాల్చడం చేయకూడదు. సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి, నేరుగా పైకి లాగాలి. తర్వాత సబ్బునీళ్లతో కడగాలి.

పాఠకులకు ఒక మనవి. చలికాలంలో మీ ఇంట్లో ఎవరికైనా జ్వరం మూడు రోజులు దాటితే ఆలస్యం చేయకుండా ఒళ్లంతా చూడండి. నల్ల పెచ్చు కనబడితే దగ్గర్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, ధర్మపురి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రికో వెళ్లి, సిగ్గుపడకుండా చూపించండి. పెచ్చు కనబడకపోయినా వైద్యుడితో మూడు విషయాలు తప్పక చెప్పండి: గడ్డిలో, పొదల్లో పని చేశామని, జ్వరం ఎన్ని రోజులుగా ఉందో, ఇప్పటికే ఏ మందులు వాడామో. స్క్రబ్ టైఫస్ కావచ్చేమో చూడమని అడగడం రోగి హక్కు. ఆ ఒక్క ప్రశ్న సకాలంలో అడిగితే ఒక ప్రాణం నిలుస్తుంది.